పొద్దు గుంకే సముద్రం చూసొద్దాం!

మంగినపూడి తీరంలో సూర్యుడు రోజూ సముద్రంలోంచే లేస్తాడు. అక్కడి నల్లటి ఒండ్రుమట్టి మీద నిలబడి ఆ ఎర్రటి బింబానికి దణ్ణం పెట్టుకోని బందరువాళ్లు అరుదు. కానీ అదే సూర్యుడు సముద్రంలోకి దిగడం ఆ ఒడ్డున ఎవరూ చూడలేదు. చూడలేరు కూడా! సాయంత్రమయ్యేసరికి పొద్దు తాడిచెట్ల వెనక్కో, వరి పొలాల వెనక్కో జారిపోతుంది. తూర్పు తీరంలో పుట్టిన వాళ్లందరికీ ఉన్న లోటే అది.

చిలకలపూడిలో ఓ ఇల్లు ఊహించుకోండి. పాండురంగస్వామి గుడికి కూతవేటు దూరం. తాతయ్య జన్మంతా రోల్డ్‌గోల్డ్ నగల పనిలోనే గడిచింది. నాయనమ్మ వంటా వార్పూ అయ్యాక గొలుసుల లంకెలు అతుకుతూ, రాళ్లు పొదుగుతూ పిల్లల్ని పెంచింది. ఇద్దరికీ డెబ్భై దాటాయి. తిరుపతి, విజయవాడ తప్ప దూరప్రయాణం ఎరగరు. ఈమధ్య ఆవిడ ఒకటే మాట: 'సముద్రంలో పొద్దు గుంకడం ఒక్కసారి చూడాలిరా'.

అదే సమయంలో డల్లాస్‌లో ఉన్న మనవరాలు ఫోన్లో ఓ వీడియో పంపింది. బస్సంత బండి. లోపలే పొయ్యి, మంచాలు, స్నానాలగది! మోటార్‌హోమ్ అంటారట. కెనడాలోనూ, అమెరికా ఉత్తరాదిలోనూ మంచు మొదలవగానే ఎంతోమంది పెద్దవాళ్లు అలాంటి బళ్లేసుకుని ఫ్లోరిడాకో, ఆరిజోనాకో దిగిపోతారు. వాళ్లకు 'మంచు పక్షులు' అని ముద్దుపేరు. యూరప్ వాళ్లయితే స్పెయిన్, పోర్చుగల్ తీరాలు చేరతారు. వీడియో చూసిన తాతయ్య నవ్వేశాడు. 'మన గూడుబండే కదే ఇది! కాకపోతే ఎద్దులు లేవు'.

నిజమే. ఇంటిని వెంటేసుకుని తిరగడం మనకేం కొత్త కాదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలూ, పల్లకీలూ, వంటవాళ్లూ, బంధువులతో ఓ చిన్న ఊరినే నడిపించుకెళ్లారు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. దారి పొడవునా ఆయన రాసుకున్నదే 'కాశీయాత్ర చరిత్ర'. మజిలీలూ నీటి వసతీ ఎక్కడెలా ఉన్నాయో అంత శ్రద్ధగా రాసుకున్నారు గనకే ఆ యాత్ర సాగింది. ఇప్పుడు చిలకలపూడి ఇంట్లో జరగాల్సిందీ అదే... కన్యాకుమారి దాకా పద్నాలుగు రోజుల యాత్రకు లెక్క వేసుకోవడం!

ముందు కాలం... తర్వాతే దూరం

చలికాలం యాత్ర అనగానే చాలామంది కార్తీకమాసం ఎంచుకుంటారు. తమిళనాడు తీరానికి అది సరైన అదను కాదు. మనకు నైరుతి ఎలాగో వాళ్లకు ఈశాన్య రుతుపవనాలు అలాగ. అక్కడ ఏడాది మొత్తంలో పడే వానలో దాదాపు సగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. తుపాన్లూ అప్పుడే. 2017 నవంబరు చివర్లో ఓఖీ కన్యాకుమారిని కుదిపేసింది. 2018 నవంబరు 16న గజ వేదారణ్యం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ చెన్నైని ముంచెత్తి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. ఈ యాత్ర సాగే దారిని మ్యాపులో గీస్తే ఆ మూడు తుపాన్లూ దాని మీదే కనిపిస్తాయి.

బందరువాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఆ పట్నంలోనూ చుట్టుపక్కలా దాదాపు 30 వేల మందిని మింగేసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఇప్పటికీ పెద్దవాళ్ల కళ్లముందే ఉంది. నవంబరు సముద్రాన్ని నమ్మకూడదని తెలిసిన ఊరు అది.

అందుకే ముహూర్తం సంక్రాంతి తర్వాత. దానికి ఇంకో వెసులుబాటూ ఉంది. డెల్టాలో వరి కోతలకు ముందే చేలో మినుము చల్లేస్తారు. కోతలు, నూర్పిళ్లు అయ్యాక మినుము నేలలో మిగిలిన పదునుతోనూ, రాత్రి కురిసే మంచుతోనూ పెరుగుతుంది. కాయ ఎండి పీకడానికి వచ్చేది ఫిబ్రవరి చివర్లోనో, మార్చిలోనో. ఈ మధ్యలో రైతు ఇంటికి కాస్త ఊపిరి ఆడుతుంది. పురుగుమందు కొట్టాల్సి వస్తే చూసుకోవడానికీ, గేదెల పాలు పితకడానికీ ఒక మనిషి ఇంట్లో ఉంటే చాలు. ఎవరు ఆగిపోవాలన్నదే అసలు పేచీ! అది ముందే తేల్చుకోవాలి. ఆగిపోయినవాళ్లకు వచ్చే ఏడాది మొదటి సీటు అని మాటిస్తే గొడవ సగం తీరుతుంది.

మకరజ్యోతి వెళ్లాకే బండి మాట్లాడుకోవడం ఇంకో తెలివైన పని. నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మంచి బళ్లూ, దారి తెలిసిన డ్రైవర్లూ శబరిమల దారిలోనే ఉంటారు. తర్వాతైతే బేరానికి వీలుంటుంది. క్యాలెండరులో మరో రెండు తేదీలు కూడా చూసుకోవాలి. పుష్య అమావాస్యకు రామేశ్వరంలో పితృ తర్పణాల కోసం ఇసకేస్తే రాలనంత జనం. తైపూసం రోజుల్లో తిరుచెందూరు దారంతా పాదయాత్ర భక్తులే. చీకట్లో రోడ్డు పక్కన నడిచే వాళ్లుంటారు కాబట్టి ఆ రోజుల్లో అటువైపు రాత్రి ప్రయాణం వద్దే వద్దు.

బండి ఎలాంటిది?

డల్లాస్ వీడియోలోలాంటి బండి మన దగ్గరా లేకపోలేదు. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో ఇలాంటి పర్యటనలు మొదలుపెట్టింది. అయితే వాటిలో హాయిగా పడుకునేది కొద్దిమందే. పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబానికి చాలదు. మన ఇళ్లకు నప్పేది టెంపో ట్రావెలరే. పదిమందికి పదిహేడు సీట్ల బండి మాట్లాడుకుంటే, వెనక సీట్లలో సామాను, నడుం వాల్చాలనుకునే పెద్దలకు చోటు, కాళ్లు చాపుకోవడానికి జాగా దొరుకుతాయి. రాత్రిళ్లు మాత్రం సత్రాల్లోనో, లాడ్జిల్లోనో నిద్ర.

మెట్టు ఎత్తు చూడటం మర్చిపోవద్దు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ రోజుకి పదిసార్లు ఎక్కి దిగాలి. అడ్వాన్సు ఇచ్చేముందే ఆవిణ్ని తీసుకెళ్లి ఒకసారి ఎక్కించి చూడాలి. లేదా గట్టి చెక్కపీట ఒకటి బండిలో పడేసుకోవాలి. వెనక తలుపు అత్యవసర ద్వారమైతే దానికి అడ్డంగా పెట్టెలు పేర్చకూడదు.

ఇక కాగితాలు. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల నంబరు ప్లేటు బండిని అద్దెకు తీసుకోవడం చట్టరీత్యా కుదరదు. పసుపు ప్లేటు ఉండాలి. అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉండాలి. 2023 మేలో అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం ఆ పర్మిట్ ఉన్న బండికి పక్క రాష్ట్రంలో విడిగా పన్ను ఉండకూడదు. అయినా ఈ పన్ను మీద దక్షిణాది రాష్ట్రాల్లో తగాదాలు వచ్చిన సందర్భాలున్నాయి. కన్యాకుమారి దాకా అయితే తడ దాటగానే తమిళనాడు, నడుమ పుదుచ్చేరి. అక్కణ్నుంచి తిరువనంతపురం కూడా వెళ్లొద్దామనుకుంటే కళియక్కావిళై దగ్గర కేరళ సరిహద్దు. ఎక్కడ ఏం కట్టాల్సి వచ్చినా ఆ ఖర్చు ఎవరిదో బండి యజమానితో ముందే కాగితం మీద రాయించుకోవాలి. టోలు, డ్రైవరు బత్తా, రోజుకి ఎన్ని కిలోమీటర్లు... ఇవీ అందులోనే.

డ్రైవరు కూడా మనిషే!

ఇలాంటి యాత్రల్లో అందరూ మర్చిపోయేది ఇతన్నే. పగలంతా నడిపి, అందరూ గుడికెళ్తే బండి కాపలా కాసి, రాత్రి సీటు మీద కునుకు తీసి మళ్లీ తెల్లవారుజామున స్టీరింగు పట్టుకుంటాడు. ప్రమాదానికి అంతకన్నా దగ్గరి దారి ఉండదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకి ఎనిమిది గంటల పని అని చెప్పింది. కాబట్టి రోజుకి 250, మహా అయితే 300 కిలోమీటర్లు. రాత్రి పూట ప్రయాణం లేదు. అతనికీ ఓ మంచం, వేళకి భోజనం. ఈ మూడూ ఒప్పుకున్నాకే బడ్జెట్ వేసుకోవాలి. మంచానికయ్యే నాలుగు డబ్బులు మిగిల్చుకుని మొత్తం కుటుంబాన్ని పణంగా పెట్టకూడదు కదా!

వంటసామాను... ఓ హెచ్చరిక

సంక్రాంతి అరిసెలూ, జంతికలూ ఎలాగూ ఉన్నాయి. ఆవకాయ, కందిపొడి, చింతపండు పులుసు, నాలుగు రోజులు నిలవుండే పులిహోర గుజ్జు సరేసరి. పరిచయస్తులకు ఇవ్వడానికి బందరు లడ్డు డబ్బాలు కూడా. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన లడ్డు మరి! ఇంతవరకూ బాగానే ఉంది. 'చిన్న గ్యాసు సిలిండరు పడేసుకుంటే ఎక్కడంటే అక్కడ అన్నం వండుకోవచ్చు' అని ఎవరో ఒకరు అంటారు. అక్కడే ఆగాలి.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషనులో ఆగివున్న ఓ పర్యాటక రైలు బోగీ తగలబడింది. లక్నో నుంచి వచ్చిన యాత్రికులు అందులో ఉన్నారు. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చుకున్న గ్యాసు సిలిండరే కారణమని అధికారులు చెప్పారు. తొమ్మిది మంది చనిపోయారు. ఆ దారిన వెళ్లే ప్రతి కుటుంబమూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. బండిలో సిలిండరు వద్దు. కరెంటు కుక్కరు ఒకటి చాలు. లాడ్జి వాళ్లను అడిగి గదిలో అన్నం పెట్టుకోవచ్చు. పెరుగు, ఆవకాయ ఉంటే పెద్దవాళ్ల రాత్రి భోజనం అయిపోయినట్టే. పగటి పూట అరిటాకులో సాంబారన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

దారి పొడవునా బంధుత్వాలు

బందరు నుంచి 216 జాతీయ రహదారి మీదుగా వెళ్తే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, పులిగడ్డ-పెనుమూడి వంతెన మీద కృష్ణమ్మను దాటొచ్చు. రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు. అక్కడ చెన్నై రోడ్డు కలుస్తుంది. మొదటి రాత్రి నెల్లూరులో. రెండోరోజు తడ దాటి, చెన్నై ఊళ్లోకి వెళ్లకుండా బయటి రోడ్డు పట్టుకుని మహాబలిపురం. మూడోరోజు పుదుచ్చేరి. దూరం వంద కిలోమీటర్ల లోపే, కాబట్టి ఆ పూట విశ్రాంతి. బందరులోని ఫ్రెంచిపేట గురించి పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లకున్న చిన్న స్థావరం 1947 అక్టోబరులో మనకు వచ్చేసింది. పుదుచ్చేరి పాలన చేతికి రావడానికి మాత్రం 1954 నవంబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది.

నాలుగోరోజు చిదంబరం. నటరాజస్వామి దర్శనం సరే, తాతయ్యకు మాత్రం బజారే గుడి. తమిళనాట 'చిదంబరం కవరింగ్' అంటే మన 'చిలకలపూడి బంగారం' లాంటిదే. రాగి మీద పల్చటి బంగారు పూత. భాష రాకపోయినా పర్లేదు, ఓ గొలుసు చేతిలోకి తీసుకుని కొక్కెం దగ్గర అతుకు చూస్తే చాలు... పని తెలిసినవాళ్లెవరో అవతలి మనిషికి అర్థమైపోతుంది. ఐదోరోజు వేళాంగణి. ఆరోరోజు కాస్త పొడుగు ప్రయాణం చేస్తే చీకటి పడకముందే రామేశ్వరం.

ధనుష్కోడిలో దివిసీమ

పాంబన్ దగ్గర సముద్రం మీది రోడ్డు వంతెన 1988లో వచ్చింది. పక్కనే 1914 నాటి పాత రైలు వంతెన, 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త రైలు వంతెన. ఓడ వస్తే మధ్యభాగం లిఫ్టులా పైకి లేచే వంతెన అది. పిల్లలు కిటికీలకు అతుక్కుపోతారు.

రామేశ్వరంలో రెండు రోజులు ఉంచుకోవాలి. ఇరవైరెండు తీర్థాల స్నానమంటే గుడిలో తడి రాళ్ల మీద చాలాసేపు నడక. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని ఒకరు ఉండాల్సిందే. స్నానాలయ్యాక పొడిబట్టలు కట్టుకుంటేనే స్వామి దర్శనం. అందుకని ఓ జత సంచిలో దగ్గరే ఉండాలి. ఓపిక లేకపోతే సముద్రస్నానం చేసి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకున్నా దేవుడేం కోప్పడడు.

రెండోరోజు ధనుష్కోడి. ఊరికి 20 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు ఇసకలో జీపుల మీద వెళ్లాల్సి వచ్చేది. 2017 నుంచి నేల చివరిదాకా తారు రోడ్డు ఉంది. చీకటి పడకముందే వెనక్కి పంపేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. రోడ్డుకి రెండువైపులా సముద్రం. దారిలో పైకప్పు లేని చర్చి, కూలిన గోడలు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వేళ వచ్చిన తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు వందమందికి పైగా ప్రయాణికులతో సముద్రంలో కలిసిపోయింది. ఆ తర్వాత ఊరు మళ్లీ లేవలేదు.

మిగతా పర్యాటకులు అక్కడ ఫొటోలు దిగుతారు. కృష్ణా డెల్టా నుంచి వెళ్లినవాళ్లకు అంత తేలిక కాదు. 1977లో దివిసీమలో పోయినవాళ్లు అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేలు. పశువుల కళేబరాలూ, మనుషుల శవాలూ ఒకేచోట తేలిన రోజులవి. బందరు చుట్టుపక్కల అప్పట్లో ఊహ తెలిసిన ప్రతి మనిషికీ ఎవరో ఒకరు గుర్తొస్తారు. ఆ మొండిగోడల దగ్గర నాయనమ్మ కాసేపు మౌనంగా నిలబడిపోతే తొందరపెట్టకూడదు. 'ఏమైంది?' అని మనవడు అడిగితే చెప్పనివ్వాలి. నాగాయలంక, కోడూరు వైపు జరిగిన కథ ఆవిడ ఇంట్లో ఎప్పుడూ చెప్పివుండకపోవచ్చు. ఇక్కడ చెబుతుంది. ధనుష్కోడి లేవలేదు కానీ దివిసీమ లేచింది. మళ్లీ వరి పండించింది. ఆ తేడా పిల్లలకు తెలిస్తే ప్రయాణం ఖర్చు గిట్టినట్టే.

ఆ ఒక్క సాయంత్రం కోసం...

రామేశ్వరం నుంచి కన్యాకుమారి సుమారు 300 కిలోమీటర్లు. మధ్యాహ్నానికి తిరుచెందూరులో ఆగి, సాయంత్రానికి చేరుకోవచ్చు. మర్నాడు పూర్తిగా అక్కడే ఉండాలి. పొద్దున్నే పడవలో వివేకానంద శిల. 1970లో కట్టిన స్మారకం అది. పక్క రాతి మీద 2000 జనవరి 1న ఆవిష్కరించిన 133 అడుగుల తిరువళ్లువర్ విగ్రహం. రెండింటినీ కలుపుతూ 2024 డిసెంబరు చివర్లో గాజు వంతెన వేశారు. పడవ ఎక్కలేని పెద్దల్ని బలవంతపెట్టొద్దు, ఒడ్డు నుంచైనా అన్నీ కనిపిస్తాయి. అమ్మవారి గుళ్లోకి మగవాళ్లు చొక్కా విప్పే వెళ్లాలి. నాగర్‌కోయిల్ దగ్గరి వడశేరి కూడా తాతయ్య చూడాల్సిందే. అమ్మవార్లకూ, నాట్యం చేసేవాళ్లకూ రాళ్ల నగలు చేసే ఊరది. ఆ నగలకూ భౌగోళిక గుర్తింపు ఉంది.

సాయంత్రం అయిదింటికల్లా పడమటి వైపు ఒడ్డుకి చేరిపోవాలి. సూర్యుడు నీళ్లలోనే దిగడం ఇక్కడ అన్ని కాలాల్లోనూ కనపడదు. అక్టోబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకానే ఆ భాగ్యం. మిగతా నెలల్లో పొద్దు ఉత్తరానికి జరిగి నేల వెనక వాలిపోతుంది. అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బుల బెడద. అన్నీ చూసుకుంటే మిగిలేది సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. మినుము చేను ఇచ్చే సెలవు కూడా సరిగ్గా అప్పుడే!

ఓ మడత కుర్చీ, శాలువా, ఫ్లాస్కులో కాఫీ చాలు. అంతదూరం వచ్చింది ఆ పది నిమిషాల కోసమే. ఆ రోజు మబ్బేస్తే? అందుకే అక్కడ రెండు రాత్రులు ఉంచుకోమనడం. ఒకటి తప్పినా రెండోది ఉంటుంది.

తర్వాత మదురై, శ్రీరంగం, కంచి చూసుకుంటూ లోపలి దారిన నాలుగు రోజుల్లో ఇంటికి. అప్పటికి మినుము కాయ ముదురుతూ ఉంటుంది. ఇంట్లో ఆగిపోయినవాళ్లకు చెప్పాల్సిన కబుర్లు బోలెడు. బడలిక తీరాక ఓ తెల్లవారుజామున మంగినపూడి వెళ్లాలి. సూర్యుడు ఎప్పట్లాగే నీళ్లలోంచి లేస్తాడు. చూసేది అదే నాయనమ్మ, అదే నల్లమట్టి. కాకపోతే ఈసారి ఆయన ఎక్కడ మునిగి వచ్చాడో ఆవిడకు తెలుసు.